ఇంగ్లీషులో 'కొంచెం' అనడం ఎలా?

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక మెయిల్ రాశాను. ఒక పని పూర్తిచేయాల్సిన తేదీ మీద నాకు కాస్త అనుమానంగా ఉంది, పైవాళ్లు ఒకసారి సరిచూసుకుంటే బాగుండునని నా ఉద్దేశం. మనసులో ఉన్న వాక్యం 'డేట్ గురించి కొంచెం డౌటుంది'. దాన్ని అలాగే ఇంగ్లీషులోకి దించి 'ఐ హావ్ లిటిల్ డౌట్ అబౌట్ ది డేట్' అని పంపేశాను. చదివినాయన 'ఇతనికి ఏ అనుమానమూ లేదన్నమాట' అనుకుని ఆ తేదీనే ఖాయం చేసేశాడు. తీరా చూస్తే తేదీ తప్పు. నన్ను పిలిచి అడిగితే, ముందే చెప్పానుగా అని వాదించాను. ఆయన ఏమీ అనకుండా మెయిల్ తెరిచి చూపించాడు. నేను రాసిన వాక్యానికి అర్థం ఆయనకు తట్టినదే.

'ఎ' అన్న ఒక్క అక్షరం పడి ఉంటే సరిపోయేది. 'ఎ లిటిల్ డౌట్' అంటే కొంచెం అనుమానం ఉందని. 'లిటిల్ డౌట్' అంటే అనుమానం దాదాపు లేదని. అసలు నేను రాయాల్సింది 'ఐయామ్ ఎ లిటిల్ అన్‌ష్యూర్ అబౌట్ ది డేట్' అని.

అప్పట్నుంచి ఈ చిన్న చిన్న మాటల మీద ఒక కన్నేసి ఉంచాను. తెలుగులో 'కొంచెం' అనే ఒక్క మాట నానా చాకిరీ చేస్తుంది. ఇంగ్లీషులో ఆ చాకిరీని పది మాటలు పంచుకున్నాయి. కాబట్టి 'కొంచెం'కి ఇంగ్లీషు మాట ఏమిటి అని వెతికితే దొరకదు. ఈ వాక్యంలో నా 'కొంచెం' ఏం పని చేస్తోంది అని ముందు చూసుకోవాలి.

1. ముందు మీ 'కొంచెం' సంగతి తేల్చుకోండి

'కొంచెం తలుపు వేస్తారా?' అని అడిగారనుకోండి. తలుపు పావువంతు వేయమని కాదు కదా మీ ఉద్దేశం. అది మర్యాద కోసం వేసిన 'కొంచెం'. దాన్ని 'కుడ్ యు క్లోజ్ ది డోర్ ఎ లిటిల్?' అంటే అవతలివాళ్లు నిజంగానే తలుపు కాస్త దగ్గరికి వేసి వదిలేస్తారు. ఇక్కడ కావాల్సింది 'కుడ్ యు క్లోజ్ ది డోర్, ప్లీజ్?' మాత్రమే. మనం రోజంతా వాడే 'కొంచెం'లలో చాలావాటిది ఇదే పని: కొంచెం ఆ పెన్ ఇస్తారా, కొంచెం నా మాట వినండి, కొంచెం చెప్పి పెట్టండి. వీటిలో దేన్లోనూ 'లిటిల్' రాదు, 'బిట్' రాదు.

'కొంచెం ఆగండి'లో ఉన్నది కాలం. 'వెయిట్ ఎ బిట్' అనొచ్చు, 'జస్ట్ ఎ మినిట్' అంటే ఇంకా మామూలుగా ఉంటుంది.

'కొంచెంలో తప్పింది' అన్నప్పుడు మనకు కావాల్సినవి 'నియర్లీ', 'ఆల్మోస్ట్', 'నారోలీ'. ఇక్కడ ఒక చిక్కుంది. తృటిలో ప్రమాదం తప్పినా మనం 'జస్ట్ మిస్' అంటాం. ఇంగ్లీషులో 'ఐ జస్ట్ మిస్డ్ ది బస్' అంటే మాత్రం బస్సు నిజంగానే వెళ్లిపోయిందని, అదీ ఇప్పుడే, కళ్ల ముందే. తృటిలో బయటపడ్డానని చెప్పాలంటే 'ఐ వాజ్ నియర్లీ హిట్ బై ఎ బస్' అని రాయాలి.

'కొంచెం కూడా', 'ఇసుమంతైనా' అనే చోట 'నాట్ ఎట్ ఆల్', 'నాట్ ఎ బిట్', 'నాట్ ఇన్ ది లీస్ట్', 'నాట్ ఇన్ ది స్లైటెస్ట్' ఉన్నాయి. 'ఐయామ్ నాట్ ఎ బిట్ టైర్డ్' అంటే ఇసుమంతైనా అలసట లేదని. అదే వరసలో ఉంటుంది కదా అని 'నాట్ ఎ లిటిల్' వాడితే కొంప మునుగుతుంది. దాని అర్థం 'తక్కువేం కాదు, బాగానే' అని. 'షి వాజ్ నాట్ ఎ లిటిల్ సర్‌ప్రైజ్డ్' అంటే ఆవిడ బాగానే ఆశ్చర్యపోయింది. ఇది పుస్తకాల భాష, మనం వాడనక్కర్లేదు. చదివేటప్పుడు మోసపోకుండా ఉంటే చాలు.

ఇక 'కొంచెం నీళ్లు', 'కొంచెం టైమ్' లాంటివి వస్తువు పరిమాణం చెప్పేవి. 'ఎ లిటిల్ టైమ్', 'ఎ బిట్ ఆఫ్ టైమ్', 'సమ్ టైమ్' మూడూ సరే. 'బిట్' తర్వాత వస్తువు పేరొస్తే మధ్యలో 'ఆఫ్' ఉండాలి, అంతే.

ఇవన్నీ తీసేశాక మిగిలేదే అసలైన 'కొంచెం': కొంచెం అలసటగా ఉంది, కొంచెం పెరిగింది, కొంచెం పెద్దది. అంటే ఒక గుణమో, ఒక పనో ఎంత మోతాదులో ఉందో చెప్పేది. ఇక్కడి నుంచి మన పని దానితోనే.

2. 'ఎ'ని మింగేయకండి

తెలుగులో 'ఎ', 'ది' లాంటివి లేవు. అందుకే 'ఐయామ్ లిటిల్ బిజీ', 'ఇట్స్ బిట్ లేట్' అని నోటికి వచ్చేస్తాయి. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్లు సర్దుకుని అర్థం చేసుకుంటారు. కాగితం మీద అలా కుదరదు.

'బిట్' ముందు 'ఎ' పోతే తప్పు కనపడుతుంది, అర్థం మారదు. 'లిటిల్' దగ్గర అర్థమే తలకిందులవుతుంది. ఈ రెండూ చూడండి: 'హి స్లెప్ట్ ఎ లిటిల్' అంటే కాసేపు కునుకు తీశాడు, ఏదో కొంత నయం. 'హి స్లెప్ట్ లిటిల్' అంటే సరిగ్గా నిద్రే లేదు. మొదటిది ఉన్నదాన్ని చూస్తోంది, రెండోది లేనిదాన్ని చూస్తోంది. మనకీ ఈ తేడా తెలుసు. 'కాస్త నిద్రపోయాడు', 'నిద్ర అంతంతమాత్రమే' అని రెండు రకాలుగా చెబుతాం. 'ఎ ఫ్యూ', 'ఫ్యూ' మధ్య ఉన్నదీ ఇదే తేడా.

నిజానికి ఒంటరి 'లిటిల్' మాటల్లో అరుదు. మామూలుగా మాట్లాడేవాళ్లు 'హి డిడంట్ స్లీప్ మచ్' అంటారు, లేదా 'వెరీ లిటిల్' అంటారు. కాబట్టి మీరు రాసినదాంట్లో ఒంటరిగా 'లిటిల్' కనిపిస్తే, అక్కడ 'ఎ' మర్చిపోయారేమో చూసుకోండి. తొంభై పాళ్లు అదే అయి ఉంటుంది.

నేను చేసిన చిట్కా ఏమిటంటే 'ఎలిటిల్', 'ఎబిట్' అని ఒక్క మాటగా నోటికి అలవాటు చేసుకోవడం. మొహమాటం లేకుండా పది రోజులు పైకి అంటే నాలుకకు పట్టేస్తుంది. అప్పటిదాకా రాసేటప్పుడు అనుమానం వస్తే 'స్లైట్లీ' వాడండి. దానికి సొంతంగా 'ఎ' అక్కర్లేదు.

ఈ 'బిట్' అన్న మాటకీ, కొరకడం అనే అర్థమున్న 'బైట్'కీ చుట్టరికం ఉంది. పాత ఇంగ్లీషులో అది కొరికిన ముక్క. అలా చూస్తే 'ఎ బిట్' అంటే అక్షరాలా 'ఒక ముక్క'. ముందు 'ఒక' ఎందుకు ఉండాలో ఇలా గుర్తుపెట్టుకోవచ్చు.

3. ఏది ఎక్కడ కూర్చుంటుంది

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి కాబట్టి దీన్ని నిదానంగా చూద్దాం.

గుణం వాక్యం చివర వచ్చినప్పుడు ఏ ఇబ్బందీ లేదు. 'ది రూమ్ ఈజ్ ఎ లిటిల్ డార్క్', 'ఎ బిట్ డార్క్', 'స్లైట్లీ డార్క్', 'సమ్‌వాట్ డార్క్'. అన్నీ చెల్లుతాయి.

అదే గుణాన్ని వస్తువు పేరు ముందుకి తెచ్చారా, కథ మారుతుంది. 'ఎ లిటిల్ డార్క్ రూమ్' అంటే కొంచెం చీకటిగా ఉన్న గది అని చదివేవాళ్లకు తోచదు. చీకటిగా ఉన్న చిన్న గది అనుకుంటారు. 'ఎ లిటిల్ ఓల్డ్ మాన్' అంటే కాస్త వయసు మళ్లినాయన కాదు, పొట్టిగా, బక్కగా ఉన్న ముసలాయన. 'లిటిల్' ఇక్కడ తన అసలు అర్థానికి, అంటే 'చిన్న'కి, వెళ్లిపోతుంది. 'ఎ బిట్ డార్క్ రూమ్' కూడా చెవికి ఆనదు. దీనికి మూడు దారులున్నాయి. ఒకటి, 'స్లైట్లీ' పెట్టడం: 'ఎ స్లైట్లీ డార్క్ రూమ్'. ఇందులో 'ఎ' గదిది, 'స్లైట్లీ'ది కాదు. రెండు, వాక్యాన్ని తిప్పి 'ది రూమ్ ఈజ్ ఎ బిట్ డార్క్' అనేయడం. నాకు ఇదే ఇష్టం, ఎందుకంటే తప్పు దొర్లే వీలే లేదు. మూడోది 'ఎ బిట్ ఆఫ్ ఎ' అనే కట్టు: 'ఇట్స్ ఎ బిట్ ఆఫ్ ఎ ప్రాబ్లమ్', 'ఇట్ వాజ్ ఎ బిట్ ఆఫ్ ఎ షాక్'. ఇది మాటల్లో బాగుంటుంది.

పని చెప్పే మాటతో వచ్చినప్పుడు 'ఎ లిటిల్', 'ఎ బిట్' చివరికి వెళ్తాయి: 'మూవ్ ఎ బిట్', 'ఐ రెస్టెడ్ ఎ లిటిల్'. తెలుగులో 'కొంచెం కిటికీ తెరువు' అన్నా, 'కిటికీ కొంచెం తెరువు' అన్నా ఒకటే. ఇంగ్లీషులో అంత స్వేచ్ఛ లేదు. 'ఓపెన్ ఎ లిటిల్ ది విండో' తప్పు. 'ఓపెన్ ది విండో ఎ లిటిల్' ఒప్పు. ముందు పని, తర్వాత ఆ పని దేనిమీదో, ఆ తర్వాతే మోతాదు. 'స్లైట్లీ'కి మాత్రం కాస్త వెసులుబాటుంది. 'ది వాటర్ లెవెల్ రోజ్ స్లైట్లీ' అనొచ్చు, 'వి స్లైట్లీ చేంజ్‌డ్ ది ప్లాన్' అనీ అనొచ్చు.

ఇక పోలిక. తెలుగులో పోల్చేటప్పుడు గుణం రూపం మారదు. 'ఇది పెద్దది', 'ఇది దానికంటే పెద్దది', 'ఇది దానికంటే కొంచెం పెద్దది'. మూడింటిలోనూ అదే 'పెద్దది'. అందుకే 'దిస్ ఈజ్ ఎ లిటిల్ బిగ్ దేన్ దట్' అని వచ్చేస్తుంది. ఇంగ్లీషులో 'బిగ్గర్' అయి తీరాలి: 'ఎ లిటిల్ బిగ్గర్', 'ఎ బిట్ బిగ్గర్', 'స్లైట్లీ బిగ్గర్'. తేడా మరీ వెంట్రుకవాసి అయితే 'మార్జినల్లీ బిగ్గర్'. ఈ చోట 'ఫెయిర్లీ'కి ప్రవేశం లేదు, 'ఫెయిర్లీ బిగ్గర్' అని ఎవరూ అనరు.

పోలికకి దగ్గర చుట్టం 'కొంచెం ఎక్కువైంది' అనే మాట. 'సౌండ్ కొంచెం ఎక్కువైంది' అని మనం అన్నప్పుడు ఉండాల్సినదానికంటే ఎక్కువ అని ఫిర్యాదు. ఇంగ్లీషులో ఆ ఫిర్యాదు 'టూ' మోస్తుంది: 'ఇట్స్ ఎ బిట్ టూ లౌడ్'. 'టూ' లేకుండా 'ఎ బిట్ లౌడ్' అన్నా నడుస్తుంది కానీ, తగ్గించమనే సూచన బలంగా వినపడాలంటే 'టూ' ఉండాలి.

4. మెచ్చుకుంటున్నారా, నొచ్చుకుంటున్నారా?

'పుస్తకం కొంచెం బాగుంది' అన్న మాటని 'ది బుక్ ఈజ్ ఎ బిట్ గుడ్' అని మార్చి చూడండి. వ్యాకరణం ప్రకారం తప్పేం కనపడదు. అయినా అది ఇంగ్లీషు కాదు. 'ఎ బిట్', 'ఎ లిటిల్' రెండూ నచ్చని సంగతుల పక్కనే చేరతాయి: 'ఎ బిట్ బోరింగ్', 'ఎ లిటిల్ స్లో', 'ఎ బిట్ నాయిజీ', 'ఎ లిటిల్ వరీడ్'. మెచ్చుకోలుకి వాటిని పిలవకూడదు. ఓ మోస్తరుగా బాగుంది అనడానికి 'ఫెయిర్లీ గుడ్' ఉంది, మాటల్లో 'ప్రిటీ గుడ్' ఉంది.

పోలిక వస్తే ఈ పట్టింపు ఉండదు. 'ఎ బిట్ బెటర్', 'ఎ లిటిల్ హాపియర్' హాయిగా అనొచ్చు.

దీన్నే తిరగేసి ఒక ఉపాయంగా కూడా వాడుకోవచ్చు. మంచీ చెడూ కాని గుణం ముందు 'ఎ బిట్' పెడితే అది చెడు అవుతుంది. 'ది వాటర్ ఈజ్ ఎ బిట్ వార్మ్' అన్నారంటే చల్లటి నీళ్లు కోరుకున్నారన్నమాట. 'ఫెయిర్లీ', 'రాదర్' అనే జంటదీ ఇదే కథ. రెండూ ఇంచుమించు ఒకే మోతాదు, కానీ 'ది వాటర్ ఈజ్ ఫెయిర్లీ వార్మ్' అన్నవాడు సంతోషంగా ఉన్నాడు, 'రాదర్ వార్మ్' అన్నవాడు ముఖం చిట్లిస్తున్నాడు. 'రాదర్' మంచి గుణంతో వచ్చినప్పుడు కాస్త ఆశ్చర్యం ధ్వనిస్తుంది: 'హర్ సింగింగ్ ఈజ్ రాదర్ గుడ్' అంటే అనుకున్నదానికంటే బాగుందే అని. ఈ మాట బ్రిటిష్‌వాళ్ల నోట ఎక్కువ, అమెరికన్ల నోట తక్కువ. పాత ఇంగ్లీషులో 'రాదర్' అంటే 'మరింత త్వరగా' అని. 'ఐ వుడ్ రాదర్ వాక్' అంటే నడవడానికే ముందు మొగ్గుతాను అని ఎందుకు అర్థమొస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

'క్వైట్'తో జాగ్రత్త. బ్రిటిష్ ఇంగ్లీషులో 'క్వైట్ గుడ్' అంటే చాలాసార్లు 'ఫరవాలేదు' మాత్రమే. 'క్వైట్' అన్న మాటను నొక్కి పలికితే ఇంకా తగ్గుతుంది. అమెరికన్ చెవికి అదే మాట 'చాలా బాగుంది'. పైగా 'ఇంపాజిబుల్' లాంటి మాట పక్కన చేరితే రెండు దేశాల్లోనూ 'పూర్తిగా' అని అర్థం. ఇన్ని ముఖాలున్న మాటని ఒకరి పనితనం గురించి అభిప్రాయం రాసేటప్పుడు నేను వాడను.

5. 'హార్డ్‌లీ', 'బేర్‌లీ', 'స్కేర్స్‌లీ': ఇవి 'కొంచెం' కాదు, 'దాదాపు లేదు'

ముందు చెప్పుకున్న మాటలు గ్లాసులో ఉన్న నీళ్లను చూపిస్తే ఈ మూడూ ఖాళీని చూపిస్తాయి. 'ఐ కెన్ హియర్ యు ఎ లిటిల్' అంటే కాస్త వినపడుతోంది. 'ఐ కెన్ హార్డ్‌లీ హియర్ యు' అంటే వినపడీ వినపడనట్టుంది. చూశారా, తెలుగులో ఈ మూడింటికీ సరిగ్గా సరిపోయే మాట ఇదే: చూసీ చూడనట్టు, తెలిసీ తెలియనట్టు, వినపడీ వినపడనట్టు.

అర్థంలో 'లేదు' దాగి ఉంది కాబట్టి ఇంకో 'నాట్' తోడు పెట్టకూడదు. 'ఐ కాంట్ హార్డ్‌లీ హియర్' అనేది కొందరి మాటల్లో వినపడుతుంది కానీ, రాతలో తప్పు కిందే లెక్క. అదే కారణంతో వీటి వెంట 'సమ్' రాదు, 'ఎనీ' వస్తుంది: 'హార్డ్‌లీ ఎనీవన్ కేమ్' అంటే వచ్చినవాళ్లు దాదాపు లేరు, 'హార్డ్‌లీ ఎవర్' అంటే ఎప్పుడో గానీ కాదు. చివర తగిలించే ప్రశ్న కూడా 'లేదు' వాక్యాలకు తగిలించినట్టే: 'హి హార్డ్‌లీ ఎవర్ కాల్స్, డజ్ హి?'

కూర్చునే చోటు: 'ఈజ్', 'వాజ్', 'కెన్', 'కుడ్' లాంటివి ఉంటే వాటి తర్వాత, లేకపోతే పని చెప్పే మాటకు ముందు. 'షి వాజ్ బేర్‌లీ అవేక్', 'ఐ కుడ్ హార్డ్‌లీ బ్రీత్', 'ఐ హార్డ్‌లీ నో హిమ్'.

'హార్డ్' వేరు, 'హార్డ్‌లీ' వేరు. గుణానికి 'లీ' తగిలిస్తే క్రియా విశేషణం అవుతుందని బడిలో నేర్చుకున్న సూత్రం ఇక్కడ మనల్ని ముంచుతుంది. కష్టపడి పనిచేశానని చెప్పాలనుకుని 'ఐ హార్డ్‌లీ వర్క్‌డ్' అని రాస్తే, పని చేయనే లేదని మీ చేత్తో మీరే ఒప్పుకున్నట్టు. కష్టపడ్డానని చెప్పడానికి 'ఐ వర్క్‌డ్ హార్డ్'. ఇంటర్వ్యూకి వెళ్లే ముందు ఈ ఒక్క ముక్క మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి.

'బేర్‌లీ'ది బొటాబొటి వ్యవహారం. 'హి బేర్‌లీ పాస్డ్' అంటే బొటాబొటి మార్కులతో గట్టెక్కాడు. 'హి ఆల్మోస్ట్ పాస్డ్' అంటే కొద్దిలో పోయింది, తప్పాడు. ఒకరు గీత దాటారు, ఇంకొకరు గీత దగ్గర ఆగిపోయారు. రెండూ గీతకు దగ్గరే కాబట్టి కంగారులో ఒకదాని బదులు ఇంకొకటి వచ్చేస్తుంది. కొలతలకూ 'బేర్‌లీ' బాగా నప్పుతుంది: 'ది పాత్ ఈజ్ బేర్‌లీ ఎ మీటర్ వైడ్'.

మనం రోజూ వాడే ఇంకో 'హార్డ్‌లీ' ఉంది: 'హార్డ్‌లీ పది నిమిషాలు పడుతుంది'. మహా అయితే పది నిమిషాలు అని మన భావం. ఇది మన దగ్గర ఇంగ్లీషు మాట్లాడుకునేటప్పుడు చెల్లుబాటయ్యే ప్రయోగం. బయటివాళ్లకు రాసేటప్పుడు 'టెన్ మినిట్స్ ఎట్ మోస్ట్' లేదా 'ఓన్లీ టెన్ మినిట్స్' అని రాస్తే తడుముకోకుండా అర్థమవుతుంది.

'స్కేర్స్‌లీ' పుస్తకాల భాష. చదివితే చాలు, వాడకపోయినా నష్టం లేదు. 'హార్డ్‌లీ'తో వాక్యం మొదలుపెట్టి మాటల వరుస తిప్పే పద్ధతీ అంతే: 'హార్డ్‌లీ హాడ్ ఐ సాట్ డౌన్ వెన్ ది ఫోన్ రాంగ్', అంటే ఇలా కూర్చున్నానో లేదో అలా ఫోన్ మోగింది. పరీక్షల్లో అడుగుతారు కాబట్టి ఒక్కటి గుర్తుంచుకోండి: 'హార్డ్‌లీ'కి జత 'వెన్', 'నో సూనర్'కి జత 'దేన్'.

6. మోతాదు లేని మాటలకు 'కొంచెం' కట్టకండి

'కొంచెం చచ్చిపోయాడు' అని ఎవరూ అనరు. 'ఇంపాజిబుల్', 'పర్ఫెక్ట్', 'ఎంప్టీ', 'డెడ్' లాంటివి అవుననీ కాదనీ చెప్పే మాటలు, మధ్యలో మెట్లుండవు. 'హ్యూజ్', 'ఎగ్జాస్టెడ్', 'ఫ్రీజింగ్' లాంటివి అప్పటికే ఆఖరి మెట్టు మీదున్నాయి. 'స్లైట్లీ ఎగ్జాస్టెడ్' అనడం కన్నా 'ఎ లిటిల్ టైర్డ్'కి దిగిరావడం మేలు. 'ఎంప్టీ' లాంటివాటికి 'ఆల్మోస్ట్', 'నియర్లీ' సరిపోతాయి: 'ది హాల్ వాజ్ ఆల్మోస్ట్ ఎంప్టీ'.

7. కొన్ని మాటలకు సొంత తోడుంది

'లీలగా గుర్తుంది' అంటాం. 'కొంచెం గుర్తుంది' కన్నా అందులో రంగు ఎక్కువ. ఇంగ్లీషులోనూ ఇలాంటి జంటలున్నాయి. లీలగా గుర్తుండటం 'వేగ్లీ రిమెంబర్'. కనపడీ కనపడని వెలుగు, వచ్చీ రాని నవ్వు 'ఫెయింట్లీ': 'షి స్మైల్డ్ ఫెయింట్లీ'. చిరాకు, ఆశ్చర్యం లాంటివి పైపైన తాకితే 'మైల్డ్‌లీ': 'మైల్డ్‌లీ ఎనాయ్‌డ్', 'మైల్డ్‌లీ సర్‌ప్రైజ్డ్'. చిన్న దెబ్బలకు 'స్లైట్లీ ఇంజర్డ్'. ఇవి సూత్రంతో రావు, చదవగా చదవగా చెవికి అలవాటు కావాల్సిందే. దొరికినప్పుడల్లా జంటగా రాసి పెట్టుకోండి, విడిగా రాసుకుంటే ఉపయోగం లేదు.

'స్లైట్లీ', 'లైట్లీ' చూడ్డానికి కవలల్లా ఉంటాయి. తాకే పనిలో, నొక్కే పనిలో బలం తక్కువ పెట్టమనడానికి 'లైట్లీ'. 'ప్రెస్ లైట్లీ' అంటే మెల్లగా నొక్కమని. 'టర్న్ ఇట్ స్లైట్లీ' అంటే కొద్దిగానే తిప్పమని, ఎంత బలంగా తిప్పినా సరే.

8. ఎవరితో మాట్లాడుతున్నారు?

రిపోర్టులో, గ్రాఫు వివరించే పరీక్ష జవాబులో 'స్లైట్లీ', 'మార్జినల్లీ', 'సమ్‌వాట్' హుందాగా ఉంటాయి. 'ది నంబర్ రోజ్ స్లైట్లీ' అన్నదాన్నే తిప్పి 'దేర్ వాజ్ ఎ స్లైట్ రైజ్' అనొచ్చు. 'రైజ్' పేరుగా మారింది కాబట్టి 'స్లైట్లీ' కూడా 'లీ' విడిచి 'స్లైట్' అయింది. స్నేహితులతో 'ఎ బిట్', 'ఎ టాడ్', 'కైండాఫ్', 'సార్టాఫ్' హాయిగా దొర్లుతాయి. 'ఐ సార్టాఫ్ ఎక్స్‌పెక్టెడ్ ఇట్' అంటే ఏదో మూల అనుకుంటూనే ఉన్నానని. ఇవి దరఖాస్తులో కనపడితే బాగుండదు.

ఇంకో సంగతి. బ్రిటిష్‌వాళ్లు చాలామంది పెద్ద విషయాన్నీ చిన్నగా చెబుతారు. 'వి హావ్ ఎ బిట్ ఆఫ్ ఎ ప్రాబ్లమ్' అని మీకు మెయిల్ వస్తే 'బిట్' చూసి నిమ్మళంగా కూర్చోకండి, గట్టి సమస్యే అయి ఉండొచ్చు. 'ఐయామ్ స్లైట్లీ కన్‌సర్న్‌డ్' కూడా ఆ కోవలోదే. మనం రాసేటప్పుడూ ఒకరి పనిలో లోపం చెప్పాల్సి వస్తే ఈ పద్ధతి పనికొస్తుంది. 'ఇట్స్ లాంగ్' అనే బదులు 'ఇట్స్ ఎ లిటిల్ లాంగ్' అంటే కరుకుదనం పోతుంది. అలాగని ప్రతి వాక్యంలోనూ 'ఎ బిట్' చల్లితే, ఏ మాట మీదా నిలబడని మనిషిలా కనిపిస్తారు. రాశాక ఒకసారి వెతికి, సగం తీసేయండి.

9. ఇప్పుడు ఒకటి చేసి చూద్దాం

కొత్త గదికి మారిన ఒకాయన రాసిన మెసేజ్ అనుకోండి:

'గది కొంచెం చిన్నది. పాతదానికంటే కొంచెం నయం. కిటికీ కొంచెం తెరిస్తే గాలి బాగానే వస్తుంది. కానీ బయట చప్పుడు కొంచెం ఎక్కువ. రాత్రి కొంచెం కూడా నిద్ర పట్టలేదు. కొంచెం ఓనర్‌తో మాట్లాడతారా?'

ఆరు 'కొంచెం'లున్నాయి. కింద చూసే ముందు మీరే ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాయండి.

మొదటిది నచ్చని గుణం, వాక్యం చివర ఉంది: 'ది రూమ్ ఈజ్ ఎ బిట్ స్మాల్'. రెండోది పోలిక, రూపం మారాలి: 'ఇట్స్ స్లైట్లీ బెటర్ దేన్ ది ఓల్డ్ వన్'. మూడోది పని మోతాదు, కిటికీ తర్వాత రావాలి: 'ఇఫ్ ఐ ఓపెన్ ది విండో ఎ లిటిల్, ఐ గెట్ ఫెయిర్లీ గుడ్ ఎయిర్'. గాలి బాగానే వస్తోందన్నది మెచ్చుకోలు కాబట్టి అక్కడ 'ఫెయిర్లీ' పడింది చూడండి. నాలుగోది ఫిర్యాదు: 'బట్ ఇట్స్ ఎ లిటిల్ టూ నాయిజీ అవుట్‌సైడ్'. ఐదోది అసలు లేదని: 'ఐ డిడంట్ స్లీప్ ఎట్ ఆల్ లాస్ట్ నైట్'. ఏ తెల్లవారుజామునో ఓ కునుకు పట్టి ఉంటే మాత్రం 'ఐ హార్డ్‌లీ స్లెప్ట్' అనాలి.

ఆరోది మర్యాద. ఇంగ్లీషులో అది 'కుడ్ యు ప్లీజ్ టాక్ టు ది ఓనర్?' అయిపోయి, 'కొంచెం' ఆనవాలే లేకుండా పోతుంది. అక్కడ 'టాక్ టు ది ఓనర్ ఎ లిటిల్' అని రాశారో, ఓనర్‌తో కాసేపే మాట్లాడి వచ్చేయమని చెప్పినట్టుంటుంది.